ఎకో పెట్టె కొనేముందు గది మాట వినండి

వినాయక చవితి పందిట్లో మైకు సరిచూసే కుర్రవాడు "హలో" అంటాడు. స్పీకరులోంచి "హలో... లో... లో..." అని వస్తుంది. ఆర్కెస్ట్రా గాయకుడు పల్లవి ముగించి నోరు మూసుకున్నా, చివరి అక్షరం కొంతసేపు గాలిలో తేలుతూనే ఉంటుంది. గిటారు వాయించే అతను కాలి దగ్గరి చిన్న డబ్బాను ఒక్కసారి నొక్కుతాడు. అంతవరకూ తియ్యగా పలికిన తీగ గరగరమంటూ గర్జిస్తుంది. ఇవన్నీ ఒక చిన్న యంత్రం చేసే పనులే. దాన్ని ఎఫెక్ట్స్ యూనిట్ అంటారు. మన పందిళ్ళ దగ్గర మాత్రం "ఎకో పెట్టె" అంటేనే అందరికీ తెలుస్తుంది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసేవారి పిల్లలు ఎక్కువగా చదివే మా బడిలో తొమ్మిది, పది తరగతులవాళ్ళు ఒక పాటల బృందం కట్టారు. ఇద్దరు పాడతారు. ఒకరు గిటారు, ఒకరు కీబోర్డు, ఇంకొకరు డోలక్ వాయిస్తారు. పండుగ ఖర్చుల్లో మిగిల్చి పోగుచేసుకున్న డబ్బుతో ఎకో పెట్టె కొనాలని వాళ్ళ కోరిక. వార్షికోత్సవంలో పాడటానికీ అదే కావాలి, ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికీ అదే కావాలి. "ఏది కొనమంటారు సార్?" అని అడిగారు. ఉన్న డబ్బు ఒక్క పెట్టెకే సరిపోతుంది. తప్పుడు పెట్టె కొంటే రెండోది కొనే దారి లేదు. కనుక దుకాణానికి వెళ్ళేముందు ధ్వని పాఠం ఒకసారి తిరగేద్దాం.

గోల్కొండ చప్పట్లు

ఎఫెక్ట్స్ పెట్టె ఏం చేస్తుందో తెలియాలంటే విద్యుత్తు అవసరం లేని ఒక పెట్టెను ముందుగా చూడాలి. అది మన హైదరాబాదులోనే ఉంది. గోల్కొండ కోట ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తాయని కోట చూపించేవాళ్ళు చెబుతారు, కొట్టి చూపిస్తారు కూడా. ఆ రెండింటికీ మధ్య సుమారు ఒక కిలోమీటరు దూరం. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 1000ని 340తో భాగించండి. దాదాపు 2.9 సెకన్లు వస్తుంది. కింద చప్పట్లు కొట్టిన మూడు సెకన్లకు గాని పైనున్న కాపలావాడికి ఆ కబురు అందదన్నమాట.

ఇందులో రెండు సంగతులు గమనించండి. వంపు తిరిగిన గుమ్మటం ధ్వనిని చెదిరిపోకుండా ఒక దిక్కుకు మళ్ళించింది. దూరం ధ్వనిని ఆలస్యం చేసింది. పరావర్తనం, ఆలస్యం అనే ఈ రెండే ఎకో పెట్టెకు మూల ధనం.

ధ్వని గోడకు తగిలి తిరిగి రావడానికి కనీసం 0.1 సెకను పడితేనే మన చెవి దాన్ని విడిగా, రెండో శబ్దంగా పోల్చుకుంటుందని మీరు చదువుకున్నారు. 0.1 సెకనులో ధ్వని 34 మీటర్లు పోతుంది. పోయి రావాలి కాబట్టి గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. అలా విడిగా వినిపించేది ప్రతిధ్వని. గోడలు అంతకంటే దగ్గరగా ఉంటే వందలాది పరావర్తనాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. శబ్దం ఆగినా దాని తోక కొంతసేపు సాగుతుంది. దీన్ని ప్రతినాదం అంటారు. దుకాణంలో పెట్టె మీద "డిలే" లేదా "ఎకో" అని రాసి ఉంటే అది ప్రతిధ్వని. "రివర్బ్" అని ఉంటే ప్రతినాదం. ఈ తేడా తెలియకనే చాలామంది ఒకటి కోరి మరొకటి కొంటారు.

దిండ్లు మోసిన శాస్త్రజ్ఞుడు

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఒక చిక్కు వచ్చింది. కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పాఠం చెబితే ఎవరికీ అర్థం కావడం లేదు. అక్కడ పలికిన మాట సుమారు 5.5 సెకన్లపాటు మోగుతూనే ఉండేది. ఒక మాట చల్లారేలోగా పది మాటలు దాని మీద పడేవి. ఈ చిక్కును విప్పే పని వాలెస్ సేబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు.

సేబిన్ దగ్గర ఉన్న సాధనాలు ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, మంచి చెవులు. రాత్రివేళ ఊరు సద్దుమణిగాక పక్కనున్న శాండర్స్ నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి ఈ మందిరంలో పరచేవాడు. గొట్టాన్ని మోగించి ఆపి, ధ్వని పూర్తిగా అణగిపోవడానికి ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. తెల్లవారేలోగా దిండ్లు తిరిగి చేర్చాలి! ఇలా ఎన్నో రాత్రులు కొలిచి ఒక సూత్రం రాబట్టాడు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలును ఆయన సలహాతోనే కట్టారు.

ఆ సూత్రం చాలా తేలిక. గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని 0.16తో గుణించండి. దాన్ని గదిలోని మొత్తం శోషణంతో భాగించండి. వచ్చినది ప్రతినాద కాలం, సెకన్లలో. శోషణం అంటే గోడలు, నేల, బట్టలు, మనుషులు ధ్వనిని ఎంత మింగుతున్నారన్న లెక్క.

మన బడి హాలు ఒకటి ఊహించుకుందాం. పొడవు 20 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 5. ఘనపరిమాణం 1000 ఘనమీటర్లు. నేల 200, పైకప్పు 200, నాలుగు గోడలు 300. మొత్తం 700 చదరపు మీటర్లు. సిమెంటు, బండలు, సున్నపు గోడలు ధ్వనిని చాలా తక్కువ మింగుతాయి. తలుపులు, కిటికీలు, కుర్చీలు కలుపుకుని సగటున నూటికి 5 వంతులు అనుకుంటే శోషణం 35. ప్రతినాద కాలం 160ని 35తో భాగిస్తే సుమారు 4.6 సెకన్లు!

ఇప్పుడు అదే హాలులో 200 మంది విద్యార్థులు వచ్చి కూర్చున్నారు. బట్టలు వేసుకున్న మనిషి ఒక్కొక్కరు సుమారు 0.4 చదరపు మీటరు శోషణం ఇస్తారనుకుందాం. మొత్తం 80. పాత 35తో కలిపితే 115. ప్రతినాద కాలం 1.4 సెకన్లకు దిగివస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, మనుషులు వచ్చి కూర్చున్నంత మాత్రాన హాలు మారిపోయింది!

మా బృందం పిల్లలకు నేను చెప్పిన మొదటి మాట ఇదే: మీ హాలులో ఎకో పెట్టె ఇప్పటికే ఉంది, దానికి మీటలు లేవు, అంతే.

గదిని పెట్టెలో పెట్టిన వైనం

స్నానాల గదిలో పాడితే ఎవరి గొంతయినా బాగుంటుంది కదా? నున్నటి గోడలు ధ్వనిని మింగవు గనుక. 1947లో చికాగోకు చెందిన బిల్ పుట్నమ్ అనే రికార్డింగు ఇంజనీరు ఈ సంగతినే వాడుకున్నాడు. హార్మోనికాట్స్ అనే బృందం వాయించిన పాటను స్టూడియో స్నానాల గదిలో స్పీకరు పెట్టి వినిపించి, అక్కడే ఇంకొక మైకుతో పట్టి, ఆ ప్రతినాదాన్ని అసలు పాటకు కలిపాడు. ఆ రికార్డు బాగా అమ్ముడుపోయింది.

ప్రతి స్టూడియోకూ ఒక ఖాళీ గది కేటాయించడం కష్టం. 1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ గదికి బదులు ఉక్కు రేకును వాడింది. దాదాపు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న రేకును చట్రంలో బిగించి, ఒక చోట విద్యుత్తుతో కంపింపజేసి, ఇంకొక చోట ఆ కంపనాలను పట్టేవారు. రేకు అంచుల నుంచి తరంగాలు అటూ ఇటూ పరావర్తనం చెంది గదిలాంటి ప్రతినాదం వచ్చేది. చట్రంతో కలిపి దాని బరువు సుమారు 270 కిలోలు! జీడిమెట్ల వర్క్‌షాపుల్లో పెద్ద రేకు మీద సుత్తి దెబ్బ పడ్డాక అది ఎంతసేపు ఊగుతూ మోగుతుందో వినే ఉంటారు. సూత్రం అదే.

రేకు మోయలేనివారికి స్ప్రింగు దొరికింది. తీగ చుట్టల వెంట కంపనం పోయి కొసన తగిలి తిరిగి వస్తుంది. గిటారు ఆంప్లిఫయర్లలో ఈ స్ప్రింగు పెట్టెలు నేటికీ ఉన్నాయి. ఆంప్లిఫయరును ఎవరైనా కుదిపితే లోపల "ఝంయ్" అని మోగేది అదే.

ప్రతిధ్వని కోసం అయస్కాంత టేపు వచ్చింది. ఒక తల ధ్వనిని టేపు మీద రాస్తుంది, కొంచెం ముందున్న ఇంకొక తల దాన్ని చదువుతుంది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు కదులుతూ, తలల మధ్య 5 సెంటీమీటర్ల ఎడం ఉంటే ఆలస్యం సుమారు 0.26 సెకను. వేగం సగం చేస్తే ఆలస్యం రెట్టింపు. 1974లో జపాను రోలాండ్ సంస్థ తెచ్చిన స్పేస్ ఎకో అనే యంత్రం ఈ పద్ధతిదే. టేపు అరిగేది, మార్చాల్సి వచ్చేది.

1969లో ఫిలిప్స్ ప్రయోగశాలలో టేపు అక్కరలేని ఉపాయం పుట్టింది. ఇల్లు అంటుకున్నప్పుడు బావి నుంచి ఇంటిదాకా మనుషులు వరుసగా నిలబడి నీళ్ళ బకెట్లు చేతులు మార్చుకుంటారు చూడండి. అలాగే వరుసగా ఉన్న వేలాది చిన్న కెపాసిటర్లు విద్యుదావేశాన్ని ఒకదాని నుంచి ఇంకొక దానికి అందిస్తాయి. చివరిదాకా చేరేసరికి కొంత ఆలస్యం అవుతుంది. దీనికి "బకెట్ బ్రిగేడ్" అనే పేరు పెట్టారు. మెత్తటి, కాస్త మసకబారిన ప్రతిధ్వని ఇష్టపడేవారు ఈ రకం పెడళ్ళను నేటికీ కొంటున్నారు.

ఇప్పుడు దొరికే పెట్టెల్లో ఎక్కువ భాగం అంకెలతో పనిచేస్తాయి. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటాయి. అర సెకను ప్రతిధ్వని కావాలంటే 24,000 అంకెల వెనకటి కొలతను తీసి ఇప్పటి ధ్వనికి కలిపితే సరి. లెక్కతోనే ప్రతినాదాన్ని పుట్టించవచ్చని 1960ల మొదట్లో అమెరికా బెల్ ప్రయోగశాలలో మన్‌ఫ్రెడ్ ష్రోడర్ చూపించాడు. అప్పుడు దానికి పెద్ద కంప్యూటరు కావలసి వచ్చింది. అదే పని ఈనాడు అరచేతిలో ఇమిడే పెడల్ చేస్తోంది.

తరంగం ఆకారం మార్చే పెట్టెలు

గిటారు గర్జించడం వేరే కథ. అక్కడ ఆలస్యం లేదు. తరంగం కంపన పరిమితిని విపరీతంగా పెంచితే సర్క్యూటు ఒక హద్దు దాటి ఇవ్వలేదు. తరంగం తల, అడుగు కత్తిరించినట్టు చదునుగా అవుతాయి. అలా కోసిన తరంగంలో అసలు పౌనఃపున్యానికి రెండు, మూడు, అయిదు రెట్ల పౌనఃపున్యాలు కొత్తగా పుడతాయి. గరగర అదే. 1961లో వెలువడిన ఒక అమెరికన్ పాట రికార్డింగులో పరికరం చెడి ఇలాంటి ధ్వని వచ్చింది. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నోడీ దాన్ని కావాలని పుట్టించే సర్క్యూటు తయారు చేశాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్‌గా బజారుకు వచ్చింది. చెడిన పరికరం నుంచి కొత్త వాద్య ధ్వని పుట్టింది!

విద్యుత్తు సాయంతో ఒక వాద్యం స్వభావమే మారడానికి మన తెలుగునేల మీద మంచి ఉదాహరణ ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఎనిమిది తీగల పాశ్చాత్య వాద్యాన్ని అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతం వాయించారు. మామూలు మాండొలిన్ తీగను మీటితే నాదం త్వరగా అణగిపోతుంది. గమకానికి నాదం నిలవాలి. అణగిపోతున్న చిన్న కంపనాన్ని కూడా పికప్, ఆంప్లిఫయర్ చెవికి అందించగలవు. యంత్రం ఆడంబరానికి కాక సంగీతానికి అవసరమైనంత మేరకే పనికొచ్చింది. 2014లో ఆయన మరణించారు. ఆ వాద్యానికి ఆయన చూపిన దారి మిగిలింది.

వేదిక మీద ఏం కావాలి?

ఇక కొనే విషయానికి వద్దాం. హాలులో పాడేటప్పుడు హాలు ప్రతినాదం ఎలాగూ ఉంటుంది. దానికి పెట్టె ప్రతినాదం కూడా కలిపితే మాట ముద్దయిపోతుంది. మనం మాట్లాడేటప్పుడు సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం. అంటే ఒక్కో అక్షరానికి 0.2 సెకను. ఎకోను 0.25 సెకనుకు పెట్టి మాట్లాడితే ప్రతి అక్షరం మీదా దాని ముందటి అక్షరం వచ్చి పడుతుంది. పాట సాహిత్యం, ఉపన్యాసం రెండూ పోతాయి. కాబట్టి మాట్లాడేటప్పుడు ఎఫెక్టును కాలితో ఆపే మీట తప్పక ఉండాలి. వేదిక పెట్టెకు ఇది మొదటి లక్షణం.

ఆరుబయట వేసిన పందిరి సంగతి వేరు. గోడలు లేవు కనుక ప్రతినాదం దాదాపు సున్న. గొంతు పొడిగా వినిపిస్తుంది. అక్కడ కొంచెం రివర్బ్ అందాన్నిస్తుంది. ఒకే బృందానికి ఒకే పెట్టె రెండు చోట్లా రెండు రకాలుగా తిప్పుకోవలసి వస్తుందన్నమాట.

రెండో ప్రమాదం "కూత". స్పీకరు శబ్దాన్ని మైకు మళ్ళీ పట్టి, అది మళ్ళీ స్పీకరుకు చేరి, చుట్టూ తిరుగుతూ పెరిగి "కూఁ..." అని అరుస్తుంది. రివర్బ్ శబ్దాన్ని సాగదీస్తుంది కనుక కూత ఇంకా త్వరగా మొదలవుతుంది. స్పీకర్లు మైకుకు ముందు, జనం వైపు తిరిగి ఉండేట్టు పెట్టుకోవాలి. ఎఫెక్టు తక్కువ వాడాలి.

మూడోది లయ. ఎకో తాళంతో కలవాలి. నిమిషానికి 80 దెబ్బల నడకలో ఒక్కో దెబ్బకు 60ని 80తో భాగిస్తే 0.75 సెకను. ఎకోను 0.75కో, దానిలో సగానికో పెడితే డోలక్‌తో కలిసిపోతుంది. 0.6కు పెడితే వాయించేవాళ్ళు తడబడతారు. కాలితో నాలుగుసార్లు తడితే ఆ నడకను పట్టుకునే మీట ఉన్న పెట్టెలు వేదికకు బాగా పనికొస్తాయి.

ఇంటి రికార్డింగుకు ఏం కావాలి?

ఇంట్లో కథ తిరగబడుతుంది. పడకగదిలో మంచం, బొంతలు, బట్టల బీరువా ఉంటాయి. ప్రతినాదం తక్కువ. ఇక్కడ ఎఫెక్టు కావాలి, కాని ఎప్పుడు కలపాలన్నదే ప్రశ్న. పప్పులో ఉప్పు తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు. ఎక్కువైతే తీయలేం. ఎకో కలిసిన పాటలోంచి ఎకోను తీయడమూ అంతే. అందుకని గొంతును పొడిగా రికార్డు చేసి, తర్వాత కలపడం మేలు. పాడేవారికి చెవుల్లో కాస్త రివర్బ్ వినబడితే శ్రుతి కుదురుతుందనుకుంటే, వినడానికి ఎఫెక్టు, రికార్డుకు పొడి ధ్వని విడివిడిగా ఇచ్చే పెట్టె చూసుకోవాలి.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఇంట్లో కంప్యూటరు ఉంటే రికార్డింగు ప్రోగ్రాముల్లోనే డిలే, రివర్బ్ ఉంటాయి. ఆ పనికి వేరే పెట్టె కొననక్కరలేదు. ఆ డబ్బు మంచి మైకుకు పెడితే ఎక్కువ లాభం. ఎందుకంటే మైకు పట్టని ధ్వనిని ఏ ఎఫెక్టూ తెచ్చివ్వలేదు.

అంకెల పెట్టెలు, కంప్యూటర్లు లెక్క చేయడానికి కొంత సమయం తీసుకుంటాయి. ధ్వని ఒక మీటరు పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కదా. 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకరుకు 3.4 మీటర్ల దూరంలో కూర్చుని వాయించినట్టు. అది పరవాలేదు. 50 మిల్లీసెకన్లయితే 17 మీటర్ల దూరం! వేళ్ళకూ చెవులకూ పొత్తు కుదరదు.

తీగ, ప్లగ్గు, ప్రాణం

అసలు తప్పు కొనుగోళ్ళు ఎక్కువగా జరిగేది ఇక్కడే. గిటారు పెడల్ వేరు, గొంతు కోసం చేసిన యూనిట్ వేరు. గిటారు పికప్ నిరోధం దాదాపు 10,000 ఓములు అనుకోండి. దాన్ని 2,000 ఓముల మైకు ద్వారంలో గుచ్చితే ఏమవుతుంది? రెండు నిరోధాల మధ్య వోల్టేజి పంచుకోబడి, 12 పాళ్ళలో 2 పాళ్ళు, అంటే ఆరోవంతే లోపలికి చేరుతుంది. ధ్వని బలహీనంగా, మందంగా ఉంటుంది. 10 లక్షల ఓముల గిటారు ద్వారంలో గుచ్చితే దాదాపు మొత్తం చేరుతుంది. మైకు సంగతి ఇంకొక రకం. అది ఇచ్చే వోల్టేజి చాలా తక్కువ. ముందు దాన్ని పెంచే భాగం కావాలి. గిటారు పెడల్‌లో అది ఉండదు. కండెన్సర్ మైకుకైతే 48 వోల్టులు కూడా అందించాలి. పాడేవాళ్ళకు కావలసింది మైకు ద్వారం ఉన్న యూనిట్.

పారిశ్రామికవాడ పక్కన ఉండేవాళ్ళకు ఇంకొక బాధ ఉంది. వెల్డింగ్ యంత్రాలు, మోటార్లు ఆడేటప్పుడు వాటి విద్యుత్ అలజడి స్పీకర్లలో చిటపటలుగా వినిపిస్తుంది. లైన్లలోని 50 హెర్ట్జ్‌ల విద్యుత్తు "బుయ్" అని మూలుగుతుంది. మూడు కాళ్ళ మైకు తీగ దీనికి మందు. అందులో రెండు తీగలు ఒకే ధ్వనిని ఎదురెదురు దిశల్లో మోస్తాయి. బయటి అలజడి రెండింటి మీదా ఒకేలా పడుతుంది. చివర ఒకదాని నుంచి ఇంకొకటి తీసివేస్తే అలజడి పోయి ధ్వని మిగులుతుంది. బీజగణితంలో మీరు చేసే తీసివేతే!

మూలుగు పోవాలని కొందరు ప్లగ్గు మూడో కాలును, అంటే ఎర్త్ పిన్నును విరిచేస్తారు. ఎన్నడూ ఆ పని చేయకండి, చేయనివ్వకండి. పరికరం లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలితే ఆ విద్యుత్తు భూమిలోకి పోవలసిన దారి అది. దారి మూసేస్తే మైకు పట్టుకున్న చేతిలోంచి పోతుంది. వర్షంలో తడిసిన పందిరిలో ఇది మరీ ప్రమాదం. మూలుగుకు నివారణ ఉంది, ప్రాణానికి లేదు.

పెడళ్ళకు ఇచ్చే అడాప్టరును కూడా చూసి కొనాలి. చాలా పెడళ్ళు 9 వోల్టులవి, వాటి ప్లగ్గు మధ్య భాగం రుణధ్రువం. ఇంట్లో ఉన్న వేరే అడాప్టరు మధ్య భాగం ధనధ్రువం కావచ్చు. గుచ్చగానే పెడల్ కాలిపోవచ్చు. రెండు మూడు పెడళ్ళుంటే అవి తీసుకునే మిల్లీఆంపియర్లను కూడి, అంతకంటే ఎక్కువ ఇవ్వగల అడాప్టరు తీసుకోవాలి.

దుకాణంలో అడగవలసినవి

కోఠిలో కొన్నా, మరో చోట కొన్నా ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇది గొంతుకా, గిటారుకా? మైకు ద్వారం ఉందా? ఎఫెక్టును కాలితో ఆపవచ్చా? అసలు ధ్వని, ఎఫెక్టు ధ్వని పాళ్ళు మార్చే మీట ఉందా? ఆలస్యాన్ని తాళానికి సరిపెట్టవచ్చా? అడాప్టరు దాంతోపాటే వస్తుందా? చెడితే బాగుచేసేవారు ఊళ్ళో ఉన్నారా? చివరగా, మనం వాడే మిక్సరులోనే ఎఫెక్టు ఉందేమో? చాలా మిక్సర్లలో ఉంటుంది. ఉంటే ఈ కొనుగోలే అక్కరలేదు.

పెట్టె మీద "100 ఎఫెక్టులు" అని రాసి ఉందని ముచ్చటపడకండి. వేదిక మీద మీరు వాడేవి రెండో మూడో. దుకాణంలో పరీక్షించేటప్పుడు మీ మైకు, మీ గిటారు తీసుకువెళ్ళి వాటితోనే వినండి. ముందు ఎఫెక్టు ఆపి, తర్వాత పెట్టి వినండి. ఆపినప్పుడు కూడా ధ్వని మారకుండా ఉండేదే మంచి పెట్టె.

చేసి చూడండి

ఒకటి. రెండు కాగితపు కప్పుల అడుగుల మధ్య పొడవైన మెత్తటి స్ప్రింగు బిగించండి. ఒక కప్పులో మాట్లాడుతుంటే ఇంకొక కప్పును చెవికి ఆనించి మీ స్నేహితుణ్ణి వినమనండి. ఇది స్ప్రింగు రివర్బ్.

రెండు. పెద్ద స్టీలు పళ్ళేన్ని దారంతో వేలాడదీసి, దారం కొసను చెవి దగ్గర వేలితో అదిమిపట్టి, పళ్ళేన్ని చెంచాతో మెల్లగా తట్టండి. గుడి గంటలా సాగే ఆ నాదమే రేకు రివర్బ్‌కు మూలం.

మూడు. మీ బడి హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక బెలూను పగలగొట్టి, శబ్దం పూర్తిగా అణగేదాకా స్టాప్‌వాచీతో కొలవండి. హాలు నిండా విద్యార్థులున్నప్పుడు మళ్ళీ కొలవండి. అయిదుసార్లు చేసి సగటు తీయండి. హాలు కొలతలు తీసుకుని సేబిన్ సూత్రంతో కూడా లెక్కించి రెండూ పోల్చండి. చెవితో కొలిచినది లెక్కకు సరిగ్గా సరిపోదు. ధ్వని అసలు తీవ్రతలో పది లక్షల్లో ఒక వంతుకు తగ్గడానికి పట్టే కాలాన్నే శాస్త్రజ్ఞులు ప్రతినాద కాలం అంటారు. చిన్నచిన్న రొదల మధ్య మన చెవి అంతదాకా వినలేదు. అయినా ఖాళీ హాలుకూ నిండు హాలుకూ తేడా మీకు స్పష్టంగా తెలుస్తుంది.

ఖాళీ హాలు సమయం రెండు సెకన్లు దాటితే ముందు కిటికీలకు మందపు తెరలు కట్టండి, గోడలకు పాత బొంతలు వేలాడదీయండి, తర్వాత పెట్టె గురించి ఆలోచించండి. సెకను లోపే ఉంటే కాస్త రివర్బ్ మీ పాటకు అందమే. ఆ అంకెలు రాసుకున్న కాగితం మీ చేతిలో ఉంటే దుకాణదారు ఏం చెప్పినా మీకు అవసరమైనది ఏదో మీకే తెలుస్తుంది.